చలిలో రన్నింగు, సైక్లింగు, ట్రెక్కింగు చేస్తుంటే ముక్కు కారిపోతోందా? వైజాగ్ వాళ్ల కోసం మొదట్నుంచి చివరిదాకా

పోయిన జనవరిలో ఒకరోజు తెల్లారకముందే నర్సీపట్నం దాకా కార్లో సైకిళ్లు వేసుకెళ్లి, అక్కడ్నుంచి లంబసింగి ఘాట్ ఎక్కాం నలుగురం. ఎక్కేటప్పుడు ఒళ్లు వేడిగానే ఉంది, పైన టీ తాగాం, పొగమంచు చూశాం, అంతా బాగానే ఉంది, తిరిగి దిగడం మొదలెట్టిన రెండు నిమిషాలకి ముక్కు కుళాయి విప్పినట్టు అయిపోయింది. నీళ్లు పైపెదవి మీదకి, అక్కడ్నుంచి నోట్లోకి, కళ్లలో కూడా నీళ్లే, సరే అని ఒక చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసి గ్లవ్‌తో తుడుచుకోబోయాను, ఆ మలుపులో సన్న కంకర ఉంది, ముందు చక్రం జారింది. పడలేదు, రోడ్డు పక్కనున్న మట్టిగట్టుకి ఆనుకుని ఆగాను. వెనకాల వస్తున్న మావాడు బ్రేకులు నొక్కీసి "ఏటి గురూ, ఏటయింది?" అని అరిచాడు. ముక్కు తుడుచుకుందామనుకున్నాను, అంతే జరిగింది.

చాలామంది ముక్కు కారడం అనేదాన్ని ఒక విషయంగానే తీసుకోరు. కానీ ఘాట్ రోడ్డు మీద ఒంటి చేత్తో సైకిల్, గంటన్నర పరుగులో పచ్చిపుండు అయిపోయిన పైపెదవి, "చలిలో తిరక్కురా రొంప పట్టేస్తది" అని ఇంట్లో వాళ్లు ఆపేస్తే ఆగిపోయిన అలవాటు, ఇవన్నీ దీంతోనే మొదలవుతాయి. నేను ఏడేళ్లుగా బీచ్ రోడ్డులో పరిగెడుతున్నాను, చలికాలం వస్తే ఏజెన్సీ కొండలకి సైకిల్ మీద పోతాను, రెండుసార్లు హిమాలయాల్లో మంచు ట్రెక్కులకి కూడా వెళ్లాను, కాబట్టి నాకు పనికొచ్చినవన్నీ వరసగా రాస్తున్నాను.

ముందు ఇది రొంపో కాదో తేల్చుకోండి

ఇది తేల్చుకోకుండా ఏం చేసినా దండగే. చలిలో ఆడేటప్పుడు కారే ముక్కుకి గుర్తులు ఏంటంటే, నీళ్లలా పల్చగా, రంగు లేకుండా కారుతుంది, రెండు పక్కలా కారుతుంది, బయటికెళ్లిన కాసేపట్లోనే మొదలవుతుంది, వెచ్చని గదిలోకి వచ్చి కూర్చుంటే పావుగంట అరగంటలో దానంతటదే ఆగిపోతుంది. జ్వరం ఉండదు, గొంతు నొప్పి ఉండదు, ఒళ్లు నొప్పులు ఉండవు. ఇంటికొచ్చి స్నానం చేసి ఇడ్లీ తినే టైముకి ముక్కు సుబ్బరంగా ఉంటే మీది రొంప కాదు, మీకే జబ్బూ లేదు.

అదే కళ్లు దురదపెట్టి, వరసపెట్టి తుమ్ములు వచ్చి, అంగిట్లో దురదగా ఉంటే అది ఎక్కువగా ఎలర్జీ. మన ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు, ఎందుకంటే చలికాలం తెల్లారుజామున గాలి కిందనే ఆగిపోయి దుమ్ము, పొగ పైకి పోకుండా నేలకి దగ్గరగానే ఉండిపోతుంది, పోర్టు వైపు, గాజువాక వైపు ఉండేవాళ్లకి పొద్దున్న బాల్కనీ గోడ మీద వేలితో రాస్తే నల్లగా అంటుకుంటుంది కదా, అదే. బీచ్ వైపు పరిగెడితే ముక్కు బాగుండి, పరిశ్రమల వైపు పరిగెత్తినప్పుడే కారితే చలిని అనుమానించక్కర్లేదు, దుమ్మే అయ్యుంటుంది, రూటు మార్చి చూడండి.

ఇక మూడోది నిజం రొంప. చీమిడి చిక్కగా, ముక్కు బిగదీసి, తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటాయి. ఆ రోజు జ్వరం ఉన్నా, దగ్గు ఛాతీలోంచి వస్తున్నా బయటికెళ్లకండి, ఆ పరుగు వచ్చే వారం చేసుకోవచ్చు.

ఒక్కోసారి రెండు మూడు కలిసి కూడా ఉంటాయి, ఎలర్జీ ఉన్నవాళ్లకి చలిలో ఇంకా ఎక్కువ కారుతుంది. అందుకే రెండు వారాలు ఫోన్‌లో చిన్నగా రాసుకోండి, ఎక్కడ, ఎంత చలి, ఎంతసేపు కారింది, ఎప్పుడు ఆగింది. తర్వాత డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సి వచ్చినా ఇది చాలా పనికొస్తుంది.

అసలు ఎందుకు కారుతుంది

ఊపిరితిత్తులకి చల్లటి గాలి, పొడి గాలి పనికిరాదు. లోపలికి చేరేటప్పటికి గాలి దాదాపు 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో ఉండాలి. ఆ పని చేసేది ముక్కే, అదీ గాలి లోపలికి పోయే ఆ క్షణకాలంలోనే. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు, 37 డిగ్రీల దగ్గర దాదాపు 44 గ్రాములు పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న ఆ 39 గ్రాములు ఎవరివ్వాలి? మన ముక్కు, గొంతు ఇవ్వాలి. గట్టిగా పరిగెత్తేవాడు నిమిషానికి 60 లీటర్ల గాలి పీల్చాడనుకుందాం, గంటకి 3600 లీటర్లు, అంటే అంత చలిలో గంటకి సుమారు 140 మిల్లీలీటర్ల నీళ్లు గాలికి అద్దాలి.

చల్లటి గాలి తగలగానే ముక్కు లోపలి నరాలు "నీళ్లు పంపించు" అని గ్రంథులకి చెప్తాయి, అవి అవసరానికి మించే పంపిస్తాయి. దానికి తోడు మనం వదిలే ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది, అది చల్లబడిపోయిన ముక్కు గోడలకి తగిలి బొట్లు కడుతుంది. ఇడ్లీ పాత్ర మూత ఎత్తితే లోపల్నుంచి నీళ్లు కారతాయి చూడండి, ముక్కు కొసన అదే జరుగుతుంది. ఇంకోటి, వ్యాయామం చేస్తున్నప్పుడు ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుని దారి బాగా తెరుచుకుంటుంది, అందుకే పరిగెడుతుంటే బిగదీసిన ముక్కు కూడా తేలికవుతుంది, కానీ దారి తెరుచుకుంటే ఉన్న నీళ్లు కూడా ఆగకుండా జారిపోతాయి.

దీనికి డాక్టర్లలో "స్కీయర్స్ నోస్" అనే పేరు కూడా ఉంది, మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది కాబట్టి. అంటే ముక్కు చెడిపోలేదు, తన పని చేస్తోంది. నేను ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది అర్థమైతే దీన్ని పూర్తిగా ఆపాలనే ఆలోచన పోతుంది, కారే నీళ్లని ఎలా సర్దుకోవాలి, ఎంత తగ్గించుకోవచ్చు అనేదే మిగులుతుంది.

మన ఊరి చలి ఎంతని? డిసెంబర్ జనవరిల్లో బీచ్ రోడ్డులో తెల్లారుజామున 18 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది, గాల్లో తేమ కూడా ఉంటుంది, కాబట్టి ఇక్కడ కొంచెమే కారుతుంది. లంబసింగి కథ వేరు, అది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, కొన్ని రోజులు సున్నా దగ్గర దాకా కూడా పడిపోతుంది. అక్కడి వాళ్లు దాన్ని కొర్రబయలు అంటారు, రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని. దానికి సైకిల్ దిగే వేగం కలుపుకోండి, గంటకి 35, 40 కిలోమీటర్ల గాలి తిన్నగా ముక్కులోకి కొడుతుంది.

ముందురోజు రాత్రి

మా అమ్మ పాత నూలు చీరలు పారెయ్యదు. బాగా ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీర చెంగుని జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టి ఇస్తుంది. నేను పేపర్ టిష్యూలు వాడాను, మైక్రోఫైబర్ గుడ్డలు వాడాను, ఖరీదైన స్పోర్ట్స్ టవల్ కూడా కొన్నాను, కానీ పైపెదవి మీద పాత నూలు గుడ్డకి సాటి ఇంకోటి కనపడలేదు. పాత పంచె అయినా పర్లేదు, పాత లుంగీ అయినా పర్లేదు, కొత్త గుడ్డ మాత్రం వద్దు, గంజి ఉంటుంది, గీసుకుపోతుంది. టిష్యూ అయితే చెమటకి తడిసి జేబులోనే ముద్దయిపోతుంది, తుడిస్తే మీసానికి తెల్ల పీచులు అంటుకుంటాయి, పైగా వంజంగి కొండ మీద పొద్దున్న మబ్బులు చూసి దిగేటప్పుడు దారి పొడుగునా పడి ఉన్న టిష్యూలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గంటకి రెండు గుడ్డల లెక్కన పెట్టుకోండి. పొడివి కుడి జేబులో, వాడేసినవి ఎడమ జేబులో ఒక చిన్న జిప్ కవర్‌లో. ఈ కుడి ఎడమల నియమం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చీకట్లో చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు తడి గుడ్డ చేతికొస్తే ఎంత చిరాకో అనుభవిస్తేనే తెలుస్తుంది.

సైకిల్ వాళ్లు గ్లవ్స్ కొనేటప్పుడు బొటనవేలి వెనక వైపు చూడండి, కొన్నిటికి టవల్ లాంటి మెత్తటి గుడ్డ కుట్టి ఉంటుంది. అది అలంకారం కాదు, ముక్కు తుడుచుకోడానికే పెట్టారు. నాకు చాలా ఏళ్లు ఆ సంగతి తెలీదు. అలాంటిది లేకపోతే టెన్నిస్ ఆడేవాళ్లు మణికట్టుకి వేసుకునే టవల్ బ్యాండ్ తీసుకోండి, రన్నర్లకి అయితే అదే అన్నిటికంటే సుఖం, జేబులో చెయ్యి పెట్టే పనే ఉండదు.

ఇంకా ఒక బఫ్, అంటే మెడకి గొట్టంలా వేసుకునే పల్చటి గుడ్డ, వీలైతే రెండు. చిన్న వాసెలిన్ డబ్బా. ఇవన్నీ కలిపినా ఓ గుప్పెడు సామానే.

బయల్దేరే ముందు

ముందు ఇంట్లోనే ముక్కు చీదుకోండి, మెల్లగా. తర్వాత వాసెలిన్ చిటికెడు తీసుకుని ముక్కు రంధ్రాల అంచున, పైపెదవి మీద, ముక్కు పక్క మడతల్లో పల్చగా రాయండి. నీళ్లు కారినా చర్మానికి అంటుకోవు, తుడిచినప్పుడు రాపిడి తగ్గుతుంది. అంచుకి మాత్రమే, లోపలికి దోపకండి, నూనె పదార్థం రోజూ లోపలికి పీల్చడం ఊపిరితిత్తులకి మంచిది కాదు. కొబ్బరినూనె రాయొచ్చా అని అడుగుతారు, రాయొచ్చు కానీ ముందుగానే జారిపోతుంది, లంబసింగి చలిలో అయితే సీసాలోనే గడ్డకట్టి ఉంటుంది.

రెండోది, వేడివేడి కారం తిని బయల్దేరకండి. మిరపకాయ బజ్జీ తిన్నప్పుడు ముక్కు కారడం అందరికీ తెలిసిందే, అది కూడా చలికి కారే దారిలోనే, అదే నరాల ద్వారా వస్తుంది, రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. అల్లం టీ, మిరియాల రసం కూడా తిరిగొచ్చాక తాగండి. అరకులో బొంగులో చికెన్ కూడా అంతే, ట్రెక్ అయ్యాక తినండి, అప్పుడే రుచి కూడా.

నీళ్లు తగ్గించుకుంటే ముక్కు కారడం తగ్గుతుందనుకునేవాళ్లు ఉన్నారు. తగ్గదు. ఒంట్లో నీళ్లే తగ్గుతాయి. మామూలుగా తాగండి.

ఇంక బట్టలు. బీచ్ రోడ్డుకి మంకీ క్యాప్ అక్కర్లేదు, పది నిమిషాల్లో ఉడికిపోతారు. ఏజెన్సీకి మాత్రం చెవులు, మెడ కప్పుకోండి, ఒళ్లు మొత్తం వెచ్చగా ఉంటే ముక్కు మీద కూడా భారం కొంత తగ్గుతుంది.

దారిలో

మొదటి పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా వెళ్లండి. ముక్కుతో పీల్చి నోటితో వదలండి, అలా మాట్లాడగలిగే వేగంలోనే ఉండండి. వేగం పెరిగితే నోటితో పీల్చక తప్పదు, అందరికీ అంతే, దాన్ని బలవంతంగా ఆపొద్దు. కానీ మొదట్లోనే స్ప్రింట్ కొడితే ముక్కుకి సర్దుకునే టైమే ఇవ్వం.

బఫ్‌ని ముక్కు మీదుగా వదులుగా లాక్కోండి. మనం వదిలిన ఊపిరిలోని వెచ్చదనం, తేమ ఆ గుడ్డలో నిలబడి, తర్వాత పీల్చే గాలికి అందుతాయి, ముక్కు చెయ్యాల్సిన పనిలో కొంత గుడ్డే చేసిపెడుతుంది. చలికి కారే ముక్కుకి మందు లేకుండా చేసుకోగలిగే పనుల్లో నాకు అన్నిటికంటే పనిచేసింది ఇదే. కాకపోతే అరగంటకి అది తడిసిపోతుంది, తడిసిన బఫ్ చల్లగా అయిపోయి ఇంకా ఎక్కువ కారిస్తుంది, కాబట్టి కొంచెం తిప్పి పొడి భాగం ముక్కు మీదకి తెచ్చుకోండి, మొత్తం తడిస్తే రెండోది వేసుకోండి. ఘాట్ ఎక్కేటప్పుడు మెడలోకి దించెయ్యండి, ఊపిరి ఆడాలి కదా, దిగే ముందు పైకి లాగండి. ఎక్కేటప్పుడే పెట్టుకుని తడిపేస్తే దిగేటప్పుడు దాంతో ఉపయోగం ఉండదు, ఆ రోజు నేను చేసింది అదే, పైకి చేరేసరికి నా బఫ్ పిండితే నీళ్లు వచ్చేలా ఉంది, తీసి బ్యాగ్‌లో పడేశాను, ఉత్త ముఖంతో దిగాను.

తుడుచుకోవడం. రుద్దొద్దు, అద్దండి. గుడ్డని ముక్కు కింద పెట్టి, నీళ్లు పీల్చుకునేదాకా ఒక్క క్షణం ఉంచి తీసెయ్యండి. పది కిలోమీటర్ల పరుగులో కనీసం ముప్పై నలభై సార్లు తుడుస్తాం, ప్రతిసారీ రుద్దితే సాయంత్రానికి అక్కడ చర్మం ఎర్రగా పొక్కిపోయి, స్నానం చేస్తే సబ్బు మండుతుంది.

చీదడం. ఒక రంధ్రం మూసి రెండోదాంట్లోంచి, నోరు కాస్త తెరిచి, మెల్లగా. రెండూ కలిపి గట్టిగా చీదితే ఆ ఒత్తిడి చెవుల్లోకి, ముక్కు పక్క ఎముకల్లోని గదుల్లోకి పోతుంది, ఘాట్ దిగేటప్పుడు చెవులు ఎలాగూ మూసుకుంటూ ఉంటాయి కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్త. పదే పదే గట్టిగా పైకి ఎగపీల్చడం కూడా వద్దు, అది గొంతు వెనక చేరి దగ్గు తెప్పిస్తుంది.

వేలు అడ్డం పెట్టి రోడ్డు మీదకి చీదడం మన ఊళ్లలో ఎవరూ నేర్పక్కర్లేదు, ప్రపంచం మొత్తం సైక్లిస్టులు, రన్నర్లు అదే చేస్తారు. కానీ చోటు, గాలి చూసుకోవాలి. జనం ఉన్న చోట అసలే వద్దు, ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే బండ్లు ఆపేసినప్పుడు పిల్లలు, పెద్దవాళ్లు, స్కేటింగ్ చేసేవాళ్లు అందరూ రోడ్డు మీదే ఉంటారు, అక్కడ గుడ్డే వాడాలి. రుషికొండ దాటాక ఖాళీగా ఉన్న చోట అయితే గాలి గుర్తుపెట్టుకోండి. చలికాలం తెల్లారుజామున గాలి ఎక్కువగా నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, భీమిలి వైపు వెళ్తుంటే ఎడమ నుంచి కుడికి అన్నమాట, కాబట్టి తల కుడివైపు తిప్పి, ఎడమ రంధ్రం మూసి కుడిదాంట్లోంచి. తిరిగొచ్చేటప్పుడు ఎండెక్కి గాలి మారుతుంది, అప్పుడు మళ్లీ చూసుకోండి. గ్రూపులో ఉంటే ముందు వెనక్కి వచ్చి ఆఖరివాడి వెనకాల చేరి అప్పుడు చీదండి, చెప్పకుండా మధ్యలో చీదితే వెనకవాడి ముఖానికే. రొంప ఉన్నరోజు మాత్రం ఇలా వద్దే వద్దు.

సైకిల్, బైక్ వాళ్లకి ఒక్కటే మాట, ఘాట్‌లో దిగుతూ చెయ్యి తియ్యొద్దు. దిగే ముందు పైనే ఆగి, చీదుకుని, తుడుచుకుని, వాసెలిన్ మళ్లీ రాసుకుని, పొడి బఫ్ వేసుకుని బయల్దేరండి. మధ్యలో కారితే కారనివ్వండి, భరించలేకపోతే తిన్నగా ఉన్న చోట పక్కకి తీసి ఆగండి. ఒక్క నిమిషం పోతుంది. ఇది నేను మలుపులో కంకర మీద నేర్చుకున్నది, మీరు అలా నేర్చుకోకూడదనే రాస్తున్నాను. పిల్లల్ని బైక్ ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టుకుని లంబసింగి తీసుకెళ్లేవాళ్లని ప్రతి శీతాకాలం చూస్తాను, ఆ గాలంతా ముందు పిల్లాడి ముఖానికే కొడుతుంది, దయచేసి కార్లోనో బస్సులోనో తీసుకెళ్లండి.

మంచు కొండలకి వెళ్లేవాళ్లకి

ఇప్పుడు మన వైజాగ్ పిల్లలు చాలామంది ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి, ఔలి, కాశ్మీర్‌లోని గుల్మార్గ్, హిమాచల్‌లోని సోలాంగ్‌లలో స్కీయింగ్ నేర్చుకోడానికి వెళ్తున్నారు. అక్కడ మన లెక్కలు కొన్ని మారతాయి.

నూలు గుడ్డ ముక్కు తుడుచుకోడానికి ఓకే, కానీ అక్కడ నూలు బఫ్ వద్దు, తడిసి గడ్డకట్టి అట్టలా అయిపోతుంది. ఊలు, ఫ్లీస్ లాంటివి తీసుకోండి, కనీసం రెండు, ఒకటి ముఖానికి, ఒకటి జాకెట్ లోపల ఒంటి వేడికి ఆరుతూ ఉండాలి. తుడుచుకునే గుడ్డ కూడా లోపలి జేబులోనే, బయట జేబులో పెడితే రెండోసారి తీసేటప్పటికి బిగుసుకుపోయి ఉంటుంది, కేదార్‌కంఠ శిఖరం రోజు 12,500 అడుగుల దగ్గర తెల్లారుజామున నాది అలాగే అయింది, మా అమ్మ కుట్టిన చీర ముక్క అప్పడంలా పెళపెళలాడింది.

స్కీ గాగుల్స్ పెట్టుకుంటే ఇంకో తంటా. బఫ్ ముక్కు మీదకి లాగితే ఊపిరి పైకి పోయి అద్దాలకి ఆవిరి పడుతుంది, దారి కనపడదు. బఫ్ పై అంచు గాగుల్స్ లోపలికి దూర్చకుండా వాటి కిందే ఆపి, ముక్కు దూలం దగ్గర గట్టిగా ఆనేలా చూసుకుని, ఊపిరి నోటితో కిందకి వదలండి. కొంచెం అలవాటు కావాలి.

అక్కడ మంచు మీద నుంచి ఎండ తిరిగి ముఖానికి కొడుతుంది, ముక్కు కింద భాగం, రంధ్రాల అంచులు కూడా కాలిపోతాయి, అప్పటికే తుడిచి తుడిచి పల్చబడిన చర్మం అది. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక పైన వాసెలిన్. పొడి గాలికి ముక్కు లోపల పక్కులు కట్టి రక్తం రావడం కూడా అక్కడ మామూలే, రాత్రి పడుకునే ముందు సెలైన్ స్ప్రే, అంటే ఉప్పునీళ్ల స్ప్రే, రెండు పక్కలా కొట్టుకుంటే చాలా తేడా ఉంటుంది. రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి, కొంచెం ముందుకి వంగి ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి.

మందుల విషయం

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. లంబసింగి ముందురోజు రాత్రి నేను "ముందుజాగ్రత్త" అని మందుల షాపులో జలుబు మాత్ర కొని వేసుకున్నాను. అలాంటి వాటిలో ఎక్కువగా క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, మత్తు వస్తుంది, పొద్దున్న దాకా ఉంటుంది. ఆ మలుపులో నేను కంకర ఆలస్యంగా చూడటానికి అది కూడా కారణమే అని నా నమ్మకం. పైగా అది చలికి కారే ముక్కుకి పెద్దగా పనిచెయ్యదు కూడా. సెట్రిజిన్ లాంటివి ఎలర్జీకి పనికొస్తాయి, ఉత్త చలికి కాదు. బిగదీసిన ముక్కు తెరవడానికని మాత్రల్లో కలిపే ఫినైల్‌ఎఫ్రిన్ లాంటివి బీపీ ఉన్నవాళ్లకి మంచివి కావు. పోటీల్లో డోప్ పరీక్ష ఉండే స్థాయిలో ఆడేవాళ్లు సూడోఎఫెడ్రిన్ ఉన్న మాత్రలకి దూరంగా ఉండండి, పోటీ రోజుల్లో దానికి పరిమితి ఉంది.

జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు, అంటే వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరిచేసేవి, ఇవి మూసుకున్న ముక్కుకి మాత్రమే. కారే ముక్కుకి ఇవి మందు కాదు. మూడు రోజులు దాటి వాడితే మందు ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ మూత, ఇలా నెలల తరబడి ఇరుక్కుపోయినవాళ్లు నాకు తెలుసు.

విక్స్, జెండూ లాంటివి రాస్తే చల్లగా, ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, కారడం తగ్గదు. ఆవిరి కూడా అంతే, హాయిగా ఉంటుంది కానీ ముందే పట్టుకుంటే దారిలో కారకుండా ఆపదు.

మరి పనిచేసేది ఏంటంటే ఇప్రాట్రోపియం అనే ముక్కు స్ప్రే. గ్రంథులకి "నీళ్లు పంపు" అని వెళ్లే నరాల కబురునే అడ్డుకుంటుంది, కాబట్టి చలికి కారడం మీద సూటిగా పనిచేస్తుంది. బయల్దేరే అరగంట ముందు కొట్టుకుంటే కొన్ని గంటలు ఉంటుంది. ఇది డాక్టర్ రాసిస్తేనే వాడాలి, గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, ముక్కు ఎండిపోవడం, రక్తం రావడం కొందరికి ఉంటుంది. ముక్కు బిగదీయడానికి, తుమ్ములకి ఇది పనిచెయ్యదు. బీచ్ రోడ్డు పరుగుకి ఇది అక్కర్లేదని నా అభిప్రాయం, బఫ్ చాలు. వారం రోజులు స్కీయింగ్‌కి వెళ్తుంటే, లేదా మామూలు చలికే విపరీతంగా కారుతుంటే ఈఎన్‌టీ డాక్టర్‌ని అడగడం న్యాయం. కొన్నాక ముందు ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూడండి, మంచు కొండ మీద మొదటిసారి వాడొద్దు.

ఇంటికొచ్చాక

గోరువెచ్చని నీళ్లతో ముఖం కడిగి, అద్ది, మాయిశ్చరైజర్ గానీ వాసెలిన్ గానీ మళ్లీ రాయండి. సబ్బు ఆ భాగానికి వద్దు. దుమ్ములో తిరిగొచ్చి ఉంటే సెలైన్‌తో ముక్కు కడుక్కోవచ్చు, జలనేతి, అంటే చిన్న కుండతో ఒక రంధ్రంలో ఉప్పునీళ్లు పోసి ఇంకోదాంట్లోంచి వదలడం, అలవాటున్నవాళ్లు అదే చెయ్యొచ్చు, గ్లాసుడు నీళ్లకి పావు నుంచి అర చెంచా ఉప్పు, కానీ నీళ్లు మరగబెట్టి చల్లార్చినవే వాడాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు తిన్నగా ముక్కులోకి ఎక్కించకండి, అలాంటి నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి పోతే ప్రాణం దక్కడం చాలా కష్టం. నేతి కుండ కూడా ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

గుడ్డలు జిప్ కవర్లోనే మర్చిపోవద్దు, ఆరోజే వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యండి, బఫ్ కూడా.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకి వెళ్లాలి

వెచ్చని గదిలో కూర్చున్నా గంటల తరబడి కారుతుంటే, పసుపో ఆకుపచ్చో రంగులో చిక్కగా వస్తూ ముఖం నొప్పి, జ్వరం ఉంటే, పది రోజులైనా తగ్గకపోతే వెళ్లండి. పరుగు ఆపిన ఐదు పది నిమిషాల్లో పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం, దగ్గు తెరలు వస్తుంటే అది ముక్కు సంగతి కాదు, చలికి ఊపిరి గొట్టాలు ముడుచుకుంటున్నాయేమో చూపించుకోవాలి, దానికి మంచి మందులున్నాయి, ఆట మానక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. సైకిల్ మీద నుంచో, మంచు మీదో పడి తలకి దెబ్బ తగిలాక ఒక్క రంధ్రంలోంచే నీళ్లలా కారుతూ, ముందుకి వంగితే ఎక్కువవుతూ, గొంతులోకి జారితే ఉప్పగా అనిపిస్తుంటే అది చీమిడి కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ముక్కు చీదకండి, లోపల గుడ్డ కుక్కకండి, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి వెళ్లి "తలకి దెబ్బ తగిలింది, ఒక పక్క నుంచే కారుతోంది" అని ఈ రెండు ముక్కలూ మొదటే చెప్పండి. ఉత్త జలుబు అనుకుని వరసలో వెనక కూర్చోబెట్టకుండా ఉండటానికి ఆ రెండు ముక్కలూ అవసరం.